దొరగారి గుమ్మం

"పొద్దున్నే వచ్చి తాళాలు పట్టుకెళతారంట వదినా. సర్దడం అయిపోయిందా?" అన్నాడు ఉమామహేశ్వరం, ముఖం చూపించకుండా.

మెట్టకూరులో వాళ్ళ దివాణం అమ్ముడైపోయింది. పడగొట్టి ఫంక్షన్ హాలు కడతారట. కామేశ్వరి మాత్రం వీధి తలుపు లోపలి వైపు ఇత్తడి పువ్వుల్ని చింతపండుతో తోముతూనే ఉంది... కాపురానికొచ్చిన మర్నాటి నుంచీ ఆమెకు అప్పగించిన పని అది.

ఆ తలుపు కథ చెప్పాలి. మామగారి తండ్రి రోజుల్లో, ఊరిని ఫ్రెంచివాళ్ళు ఏలేటప్పుడు, ఆ ఇంటి కోడిపుంజు కూడా ఫ్రెంచిలోనే కూసేదట, నమ్మితే నమ్మండి. దొరగారు భోజనానికి వస్తానన్నారని పెద్దాయన ఏనుగు పట్టేంత గుమ్మం కట్టించి, దొర అడుగు పడేదాకా ఇంకెవరూ దాటకూడదని శాసించాడు. దొరగారేమో దారిలో ఫరంపేటలో పులస పులుసు తిని, కునుకు తీసి, అటునుంచటే పడవెక్కేశారు. తరవాత దొరలందరూ దేశమే విడిచిపోయారు. తలుపు మాత్రం ఎదురుచూస్తూనే ఉంది!

అందుకే కామేశ్వరి కొత్తకోడలిగా పక్కసందులోంచి, గేదెల పాక మీదుగా లోపలికొచ్చింది. గుమ్మంలో ఆపి పేర్లు చెప్పించే ముచ్చటైనా లేదు. తల్లి లేని పసి మరిదిని చంకనేసుకుని పెంచింది. భర్తను ఆ సందులోంచే సాగనంపింది. ఏనాడూ ఏదీ అడగలేదు...

"ఉమా, రేపు ఈ గుమ్మంలోంచి వెళ్ళనా?"

"అదేంటి వదినా. నాన్న పాడె కూడా సందులోంచే కదా వెళ్ళింది. తాతగారి మాట..."

"సరేలే నాన్నా. ఏదో అన్నాను."

కొంగుతో కళ్ళొత్తుకుని మళ్ళీ తోమసాగింది. పులుపుకు పాలిపోయి, పగిలిన వేళ్ళు... తనకు గోరుముద్దలు పెట్టిన వేళ్ళు! ఉమామహేశ్వరం కాసేపు చూశాడు. లేచి గడియ లాగాడు. కదలలేదు. కొబ్బరినూనె పోశాడు, రోకలితో మోదాడు. చివరికి ఆ మహా తలుపు ముసలి గేదెలా మూలిగి తెరుచుకుంది. దుమ్ముతోపాటు గోదారి గాలి లోపలికొచ్చింది.

కామేశ్వరి అడుగు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇటునుంచి కాదు. సందులోంచి తిరిగి వీధిలోకి రా వదినా."

అర్థంకాక చుట్టూ తిరిగి వచ్చింది. గడప మీద బియ్యం నిండిన స్టీలు గ్లాసు ఉంది.

"కుంచం మూటల అడుగున పడిపోయింది. ఇదే దొరికింది," అన్నాడతను, రెండు చేతులూ గుమ్మానికి అడ్డంగా చాపి. "పేర్లు చెబితేగానీ దారివ్వను."

ఆమె నెరిసిన జుట్టు సవరించుకుంది. కొత్త పెళ్ళికూతురిలా తల వంచుకుంది.

"నేను, కామేశ్వరిని... మీ అన్నయ్య వీరభద్రంగారితో వచ్చాను."

అతను చేతులు దించాడు. ఆమె కుడికాలు ముందుకు పెట్టింది.