గట్టు మీద గొలుసు

గంటగోపురం నుంచి హద్దురాయి దాకా పోయే గట్టు మీద పొద్దుగూకాక ఎవరూ నడవరు. లుంబాయన్ ఊళ్ళో ఈ సంగతి పాలు మరిచిన ప్రతి పిల్లకూ తెలుసు.

అమావాస్య చీకట్లో అక్కడ ఇనప గొలుసు ఈడ్చుకుపోతున్న చప్పుడు వస్తుంది... ఆగుతుంది... ఎవరో ఒక అంకె చెబుతారు... మళ్ళీ గొలుసు.

అంతే. అది అరవదు, ఏడవదు, ఎవరి పీకా నొక్కదు. లెక్కపెడుతుంది. అయినా జనానికి అదంటే హడలు. ఏడుపుకైతే ఓదార్పు ఉంటుంది, లెక్కకు ఏముంటుంది?

అది గొలుసు మోసేవాడి దెయ్యమని చెబుతారు. అమెరికా దొరలు ఆ దీవులను ఏలిన కాలంలో పొలాలు కొలవడానికి ఒక సర్వేయరు వచ్చాడట. ఆయన దగ్గర గొలుసు పట్టే కూలివాడు ఏటి వరదలో పోయాడట. కొలత సగంలో ఆగిపోయిందట. అది పూర్తయ్యేదాకా వాడికి విముక్తి లేదట. ఈ కథను ఊళ్ళో మొట్టమొదట చెప్పినవాడు కనూటో అనే రైతు. ఆ సర్వేయరు దగ్గర నిజంగా గొలుసు పట్టినవాడు కూడా ఆయనే. ఆయన వరదలో పోలేదు. నిండా బతికి, మంచం మీద పోయాడు.

ఆయన మనవడు నెమేసియో.

నెమేసియో ఊరి మునిసిపల్ ఆఫీసులో గుమాస్తా. యాభై ఏళ్ళవాడు. తాగడు. కోడిపందాలకు పోడు. ఆఫీసు కాగితం మీద ఇంటి సంగతి ఒక్క ముక్క రాసి ఎరగడు. ఊరు పుట్టి వందేళ్ళయిందని మేయరుగారు ఒక చిన్న పుస్తకం వేయించాలనుకున్నారు — లుంబాయన్ చరిత్ర, భూగోళం. చేతిరాత బాగుంటుందని ఆ పని నెమేసియోకు అప్పగించారు.

ఆయన మూడు నెలలు కూర్చుని రాశాడు. పాత ఊరు ఏటి ఒడ్డున ఉండేదనీ, వరదకు గంటగోపురం ఒక్కటే మిగిలిందనీ, జనం గుట్ట మీదికి మారారనీ రాశాడు. ఊళ్ళో మూడు వంతెనలున్నాయనీ, వాటిలో రెండింటి మీద నడవవచ్చనీ రాశాడు. కొబ్బరితోటలు, సెలయేళ్ళు, పేటలు, వాటి హద్దులు...

హద్దుల దగ్గర ఆగిపోయాడు.

ఆఫీసు అటక మీది పెట్టెలో ఒక పాత సర్వే కాగితం దొరికింది. అంచులు చెదలు తినేశాయి, మధ్యలో రాత మాత్రం ముత్యాల్లా ఉంది. ఎగువన ఉన్న ఇలాయా పేటకూ దిగువన ఉన్న ఇబాబా పేటకూ హద్దురాయి ఎక్కడంటే — గంటగోపురం దక్షిణ ద్వారం నుంచి గట్టు వెంట ముప్పై ఒకటో గొలుసు దగ్గర. గొలుసంటే ఇరవై మీటర్లు.

రాయికి ఇవతల నెమేసియో మడి. అవతల ప్రిమితివా అవ్వ పొలం. రాయి ముప్పై ఒకటో గొలుసు దగ్గరే ఉంటే సరే. అంతకంటే దూరాన ఉంటే, మిగులు నేల నెమేసియోది కాదు. ఆయనకున్న మూడు మడుల్లో ఏడాదంతా నీళ్ళు పారేది ఆ రాయిని ఆనుకున్న మడి ఒక్కటే.

పుస్తకం రాతప్రతి రేపు ఎనిమిదింటికి అచ్చుకు పోవాలి. ఆ కాగితం ఇంకెవరూ చూడలేదు. నెమేసియో దాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. అలా ఆఫీసు కాగితం ఇంటికి తేవడం ఆయన జీవితంలో అదే మొదలు.

"వెళ్ళి కొలిచొస్తాను," అన్నాడు భార్య దెల్ఫాతో, అన్నం తిన్నాక.

"ఈ చీకట్లోనా? ఆ గట్టు మీదా? పగలేం చేశారు?"

"పగలైతే నలుగురూ చూస్తారు."

"చూస్తే?"

నెమేసియో లాంతరు వత్తి సవరించాడు. సరైన పనికి పోయేవాడు నలుగురి కళ్ళకు భయపడడు. ఆ సంగతి ఆయనకు తెలుసు.

"ఆ రాయి యాభై ఏళ్ళ పైనుంచీ అక్కడే ఉంది," అంది దెల్ఫా, గిన్నెలు సర్దుతూ. "దాని మానాన దాన్ని ఉండనివ్వండి. ఆ మడి పోతే ఏడాదికి నాలుగు నెలలు చిలగడదుంపలే మనకు. తర్వాత నన్ననకండి."

"అనను."

ఆయన గుమ్మం దాటబోతుంటే దెల్ఫా చెయ్యి పట్టుకుని ఆపింది. "చొక్కా తిరగేసుకోండి. కనబడనివాళ్ళు దారి తప్పిస్తారు."

"దారి తప్పాక కదా తిరగేసుకోవాలి?"

"తప్పాక మీకు తెలుస్తుందా ఏమిటి? వేసుకోండి."

వేసుకున్నాడు. కుట్లు పైకి తేలిన చొక్కాతో, చేతిలో లాంతరుతో బయల్దేరాడు.

అమావాస్య. సన్నగా తుంపర. కొబ్బరితోట అడ్డదారిన వచ్చి గట్టెక్కుతూ, అలవాటుగా మెల్లగా అన్నాడు — "తప్పుకోండయ్యా, మీ దారిన మీరు, నా దారిన నేను." కంటికి కనబడనివాళ్ళను తొక్కకుండా ఉండడానికి ఆ ఊళ్ళో అందరూ అనే మాటే అది. గోపురం దాకా పోయి, అక్కణ్ణుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ రాయి దాకా రావాలని ఆయన ఆలోచన. ఆయన నడకకు గొలుసుకు ఇరవై ఎనిమిది అడుగులు.

గాలి ఒక్కసారి విసిరింది. లాంతరు ఆరిపోయింది.

అప్పుడు వినబడింది.

గలగల... గలగల... గోపురం వైపు నుంచి. తడి గడ్డి మీద ఇనుము.

ఆగింది.

"ఐదు."

నెమేసియో కొబ్బరిచెట్టు మొదలును వీపుతో ఆనుకున్నాడు. చొక్కా తిరగేసుకున్న సంగతి గుర్తొచ్చింది. దానివల్ల కలిగిన ధైర్యం మాత్రం ఏమీ కనబడలేదు.

గలగల... గలగల...

"ఆరు."

ఎవరో ఆయన ముందు నుంచి దాటిపోయారు. చీకట్లో చీకటి కదిలినట్టుంది. పచ్చిగడ్డి వాసన. వెనకాలే గొలుసు పాములా జరిగింది.

"ఏడు."

గొలుసు ఇంకా జరిగింది. జరిగి, జరిగి, దాని వెనక కొస ఆయన కాలి దగ్గరకు వచ్చి ఆగింది. ఇత్తడి పిడి. ముందెక్కడో చీకట్లోంచి గొంతు...

"పట్టు."

పారిపోవలసిందే. కాని నెమేసియో పాతికేళ్ళు సర్కారు కొలువు చేసినవాడు. ఆజ్ఞ వినబడితే కాళ్ళకంటే ముందు ఆయన చేతులు కదిలేవి. వంగాడు. పిడి పట్టుకున్నాడు. తుంపరలో అంతసేపు ఈడ్చుకొచ్చిన ఇత్తడి... వెచ్చగా ఉంది.

గొలుసు బిగిసింది. ముందువైపు ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత —

"ఎనిమిది."

అలా నడిచారు. ముందున్నవాళ్ళు ఆగి ఒక వెదురు పుల్ల గుచ్చేవారు. ఈయన ఆ పుల్ల దగ్గరికి వచ్చి పిడి ఆనించేవాడు. "పట్టు." పట్టేవాడు. పదిహేను... పదహారు... దేవుణ్ణి తలుచుకుందామనుకున్నాడు గాని లెక్క తప్పుతుందేమోనని మానుకున్నాడు. ఇరవై నాలుగు... ఇరవై ఐదు...

"ముప్పై ఒకటి."

రాయి రాలేదు. నెమేసియో చేత్తో చుట్టూ తడిమాడు. తన మడి బురద. తన వరి దుబ్బులు. రాయి లేదు.

"ముప్పై రెండు."

లేదు.

"ముప్పై మూడు."

ఆయన గొలుసు వెంట నడిచిపోయాడు. చేతికి చల్లగా, నాచు పట్టి, హద్దురాయి తగిలింది. దాని పక్కన ఎవరిదో ఊపిరి. నెమేసియో అగ్గిపుల్ల గీశాడు. ఒకటి వెలగలేదు. రెండోది వెలిగింది.

ముడతలు పడ్డ ముఖం. తలమీద తాటాకు టోపీ. ప్రిమితివా అవ్వ. డెబ్బై దాటిన మనిషి.

"కనూటో మనవడివా," అంది ఆమె. "పట్టు మారినప్పుడే అనుకున్నా."

"అవ్వా... నువ్వా? ఇన్నేళ్ళూ నువ్వేనా?"

"నేనే. నెలకోసారి, అమావాస్యకు. సర్వేయరు పాత గొలుసు మా ఇంటి దూలానికే తగిలించి వదిలేసిపోయాడు." ఆమె ఆయన్ను ఎగాదిగా చూసింది. "చొక్కా తిరగేసుకొచ్చావే! సొంత మడిలో కూడా దారి తప్పుతావా?"

"రాత్రిళ్ళెందుకే అవ్వా?"

"రాయి జరిగిందని చూపించడానికి మొదట పగలే కొలిచా. మీ తాత నవ్వాడు. ఆయన నవ్వితే ఊరంతా నవ్వింది. రాయి దగ్గరికి ఎవరూ పోకుండా దెయ్యం కథ ఒకటి పుట్టించాడు. అది నాకే పనికొచ్చింది. రాత్రి గట్టంతా నాదే."

"ఎవరికి చెబుదామని?"

"ఎవరో ఒకరు అడక్కపోరు. అడిగినప్పుడు అంకె తడుముకోకూడదు కదా." ఆమె గొలుసు చుట్టలు చుట్టసాగింది. "పుస్తకం రాస్తున్నావట. ఏం రాస్తావు?"

అగ్గిపుల్ల వేలు కాల్చి ఆరిపోయింది. నెమేసియో రాయి మీది నాచును వేలితో గీకాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి దెల్ఫా మేలుకునే ఉంది. అల్లం కాచిన నీళ్ళు ముందు పెట్టింది.

"ఎంతొచ్చింది?"

"ముప్పై మూడు."

"కాగితంలో?"

"ముప్పై ఒకటి."

దెల్ఫా దీపం వత్తి పెంచింది. లేచి, "పెరట్లో ఎండ తగిలే చోటు చూడాలి, దుంపతీగలకు," అంది. వెళ్ళి పడుకుంది.

నెమేసియో కలం తీశాడు. ఇలాయా, ఇబాబా పేటల హద్దురాయి గోపురం నుంచి ముప్పై ఒకటో గొలుసు దగ్గర ఉండాలి — అని రాశాడు. అది ఇప్పుడు ముప్పై మూడో గొలుసు దగ్గర ఉంది — అని రాశాడు. ఈ రెండు వాక్యాలకూ రెండు నిమిషాలు పట్టింది. మూడోదానికి తెల్లవారింది.

పొద్దున ఎనిమిదింటికి ఆఫీసు బల్ల మీద ప్రిమితివా అవ్వ కూర్చుని ఉంది. ఒళ్ళో తాటాకు సంచీ, సంచీలో గొలుసు. మేయరుగారు రాతప్రతి తిరగేస్తూ హద్దుల పేజీ దగ్గర ఆగారు. కళ్ళజోడు సవరించుకున్నారు.

"'జరిపినవాడు నా తాత కనూటో' అని రాశావు... ఇది కూడా ఉండాలా, నెమేసియో? రాయి ఎక్కడుండాలో చెప్పావు, చాలదూ? భూగోళానికి మీ తాత పేరెందుకయ్యా?"

"భూగోళానికి అక్కర్లేదండి. చరిత్రకు కావాలి."

మేయరుగారు కలం మూత తీశారు. సంతకం పెట్టేశారు. జీపు రాతప్రతిని తీసుకుని వెళ్ళిపోయింది.

అవ్వకు చదువు రాదు. నెమేసియో ఆమె పక్కన కూర్చుని ఆ మూడు వాక్యాలూ చదివి వినిపించాడు. ఆమె కళ్ళు మూసుకుని విని, తల ఆడించింది. సంచీ ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఇంద. ఇక నాకెందుకు."

నెమేసియో సంచీ బరువు చూశాడు. అప్పుడు తట్టింది ఆయనకు. గొలుసు కొలతకు ఇద్దరుండాలి.

"అవ్వా, నేను పట్టుకున్నది ఎనిమిదో గొలుసు నుంచి కదా. అంతకుముందు వెనక కొస ఎవరు పట్టారు?"

"నాకేం తెలుసు?"

"అదేంటవ్వా!"

"మొదట్లో నేనే మేకు కొట్టి, ముందుకీ వెనక్కీ తిరిగి చచ్చేదాన్ని," అంది అవ్వ, బల్ల మీద కాళ్ళు సర్దుకుంటూ. "మీ తాత పోయిన ఏడు నుంచి ఆ బాధ తప్పింది. పట్టు అంటే వెనక పట్టేవారు. చెయ్యి కాస్త వణికేది. గొలుసులో తెలుస్తుందిగా."

"వెనక్కి తిరిగి చూడలేదా?"

"చీకటి. పైగా పనిచేసేవాణ్ణి తిరిగి తిరిగి చూస్తే సిగ్గుపడతాడు."

"మరి... నన్ను పట్టుకోమన్నావు కదా?"

అవ్వ లేచి టోపీ పెట్టుకుంది.

"నిన్ను కాదు నాయనా నేను పట్టుకోమన్నది," అంది. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నెమేసియో సంచీలో చెయ్యి పెట్టి ఇత్తడి పిడి తడిమాడు. ఇప్పుడు చల్లగా ఉంది. రాత్రి తుంపరలో అది చేతికి వెచ్చగా తగిలింది. అవ్వ చేతి వేడి కాబోలని అప్పటినుంచీ అనుకుంటున్నాడు.

అవ్వ చెయ్యి అప్పుడు ఇరవై మీటర్లు ముందుంది.