జిల్లేడుకుంట మీద వాన

సుంకులు గొంతు సవరించుకుని మందను మరోసారి అదిలించింది. నల్లమల కొండలు దాటేటప్పుడు మబ్బులు చల్లటి లోయల వైపు మొగ్గుతాయి. అక్కడే కురిసేసి తేలికపడాలని చూస్తాయి. ఆమె గాలిపడవను కుడివైపుకు తిప్పి, సన్నగా, సాగదీసి కూత పెట్టింది. ముందు నడిచే ముసలి మబ్బు ఆ కూత విని, కడుపులో బరువుతో ఒకసారి గొణిగి, దారికొచ్చింది. మిగిలినవన్నీ దాని వెనకే నడిచాయి.

ఆమెకు పదహారేళ్లు. పసితనంలోనే మబ్బుల మాట వినగలిగే చెవి ఉందని తెలిసి, వానకేంద్రం వాళ్లు ఆకాశంలో ఉండే పైమజిలీకి తీసుకెళ్లారు. అప్పటినుంచి నేల మీద కాలు మోపలేదు. మబ్బుతోలరులెవరూ మోపరు. నేలహోరు ఒక్కసారి చెవిలో చేరిందంటే మబ్బుల మాట ఇక వినిపించదు.

ఆరోజు మంద చేరవలసింది పట్నం జలాశయానికి. దారిలో జిల్లేడుకుంట వస్తుంది. అది సుంకులు పుట్టిన ఊరు. జనం పలచబడ్డారని కేంద్రం దాన్ని వానదారి నుంచి ఎప్పుడో తప్పించింది. అయినా కొందరు కదలలేదు. పిల్ల దిగొస్తే ఎక్కడని వెతుక్కుంటుందని తల్లి ఓబులమ్మ ఊరు విడవడం లేదని, సరుకులు తెచ్చే పడవవాళ్లు సుంకులుకు చెప్పారు. చివరి బావి కూడా ఎండిందనీ, ఉన్నవాళ్లను రేపోమాపో తలా ఒక చోటికి తరలిస్తారనీ కూడా వాళ్లే చెప్పారు.

అమ్మ ముఖం ఆమెకు సరిగ్గా గుర్తులేదు. ఆటలో పడి ఇల్లు మరిచిపోతే వీధి చివరినుంచి పేరు సాగదీసి పిలిచే గొంతు మాత్రం గుర్తుంది. మబ్బులను తోలే కూత ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆ పిలుపులోంచే వచ్చింది.

కింద ఎర్రటి నేల, ఎండిన కుంట కనిపించాయి. సుంకులు పడవ ఆపింది. మంద కూడా ఆగింది. పక్క మందను తోలుతున్న రెహానా, పైమజిలీలో ఆమెతో కలిసి పెరిగిన పిల్ల, ఏమైందని రేడియోలో అడిగింది.

"కింద మా ఊరుండాది. దిగుతాండా రెహానా."

రెహానా గొంతు తగ్గించింది. "చెవి పోతాదే."

"తెలుసు."

వానకేంద్రం పర్యవేక్షకుడు రామమూర్తి రేడియోలో మధ్యలో కల్పించుకున్నాడు. ఆమెకు అక్షరాలు దిద్దించినవాడాయన, కోప్పడలేదు. పట్నం దాహంతో ఉందని, ఇలాంటి చెవి మళ్లీ దొరకదని బతిమాలాడు.

"పట్నం నీళ్లు పట్నానికే పోతాయి సార్. మందను రెహానా తోలుకపోతాది. ఈ ముసలిదొక్కటే నాతో వస్తాది," అంది సుంకులు.

ఆమె లోగొంతుతో పిలిచింది. ముసలి మబ్బు పడవ వెంబడే కిందికి కుంగి, ఊరి మీద పరుచుకుని, కురవసాగింది. సుంకులు కుంట గట్టున పడవ దింపి, ఉత్త కాళ్లతో బురదలోకి దిగింది. పాదాల్లోంచి ఏదో హోరు మీదికి పాకింది. చిన్ననాటి నుంచి తోడున్న ఆ గొణుగుడు, చెబుతున్నవాళ్లు మాట మధ్యలో లేచిపోయినట్టు, తెగిపోయింది. ఆమె తల ఎత్తి చూసింది. మబ్బు అక్కడే ఉంది. ఉత్త మబ్బు.

బిందెలతో ఇళ్లలోంచి జనం బయటికొచ్చారు. వాళ్లలో ఒక బక్కపలచటి మనిషి ఆమెను చూసి ఆగింది.

"ఎవురి బిడ్డవమ్మా? ఇట్ల తడుస్తాండావే?"

"నీ బిడ్డనేమా. సుంకులును."

ఓబులమ్మ బిందె కింద పెట్టింది. దగ్గరికొచ్చి కొంగుతో ఆమె తల తుడవసాగింది. తుడిచినకొద్దీ వాన తడుపుతూనే ఉంది. అయినా ఆపలేదు.

నడుముకున్న రేడియోలోంచి రెహానా గొంతు వినిపించింది. "సుంకులూ, నేల మీద వాన ఎట్లుంటాదే?"

తోలరులు ఎప్పుడూ మబ్బుల పైనే తిరుగుతారు. వాన బయల్దేరడమే తప్ప, చేరడం వాళ్లెరుగరు. రేడియోలో రామమూర్తి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి ముందుకు కదలమంటున్నాడు. పైన ఏ మందా కదలడం లేదు. సుంకులు నడుముకున్న రేడియో తీసింది. వంగి, దాన్ని నీళ్లు చిందుతున్న నేల దగ్గరగా పట్టుకుంది.

పైన తోలరులంతా ఆ చప్పుడు విన్నారు. ఆ తర్వాత ఉత్తరపు మందను తోలే అమ్మాయి, తన ఊరి పేరు చెప్పి, అది ఎటువైపుంటుందని అడిగింది.