సైడర్ గదిలో చావు

దశరథ్ శవం పీపాల మధ్య బోర్లా పడి ఉంది.

ఒంటి మీద గాయం లేదు. పెనుగులాడిన గుర్తు లేదు. పక్కన ఆరిపోయిన కందిలి. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ గరగరమంటూ తిరుగుతోంది.

ఇన్‌స్పెక్టర్ శ్రీవాణి నిచ్చెన దిగి శవం దగ్గర కూర్చుంది. ఉదయం ఏడున్నర.

కేతేపల్లి అవతల, గుట్ట వాలులో ఉన్న చిన్న ఆపిల్ తోట అది. ఎండలకు తట్టుకునే రకం. జూన్ మొదట్లో, మిరుగం నాటికి కోతకొస్తుంది. రామచంద్రయ్య పెద్దకొడుకు నరసింహ ఆ చెట్లు పెంచాడు. చిన్నకొడుకు దశరథ్ కాయల రసం పీపాల్లో పులియబెట్టి సైడర్ చేశాడు. చల్లగా ఉండాలని నేలలోకి ఈ గది తవ్వించాడు.

పోయినేడు కోతల్లో నరసింహ ఇదే గదిలో చనిపోయాడు. తాగి పడ్డాడని దశరథ్ చెప్పాడు. అంతా నమ్మారు.

"రసం పులిసేటప్పుడు గ్యాస్ వస్తది మేడమ్," అన్నాడు కానిస్టేబుల్ ప్రేమ్‌సాగర్. "బరువు గ్యాస్. కిందనే పేరుకుంటది. ఫ్యాన్ లేకుంటే మనిషి నిమిషంల కూలబడ్తడు. యాక్సిడెంట్ అని రాద్దామా?"

"అన్న సచ్చిన గదిలకు తమ్ముడు ఏం చూసుకోకుండనే దిగిండా?"

ప్రేమ్‌సాగర్ నోట్‌బుక్ మూశాడు.

శ్రీవాణి కందిలి ఎత్తి చూసింది. ఒత్తి తెల్లగా ఉంది. పైకొచ్చి పాలేరు ఎల్లస్వామిని పిలిచింది.

"మొదలు చూసింది నువ్వే గదా?"

"అవు మేడమ్. మూత తలుపు ఎత్తి చూసిన. కింద కందిలి వెలుగుతాంది. ఆ వెలుతుర్ల దశరథన్న పడి ఉన్నడు."

"ఫ్యాన్?"

"ఆగి ఉండె. మెయిను బంద్ ఉన్నది. మెయిను ఆన్ జేసి, అంబులెన్సు కోసం రోడ్డు మీదికి ఉరికిన."

రామచంద్రయ్య చెట్టు కింద కూలబడి ఉన్నాడు.

"పెద్దోడు పోయినప్పటి సంది చిన్నోడు కందిలి దించనిదే కాలు పెట్టడు బిడ్డా," అన్నాడు. "తాడుకు కట్టి దించుతం. దీపం ఆరితే గ్యాసున్నట్టు. ఆరకుంటేనే దిగుతడు."

"మీరు దిగి చూసిండ్రా?"

"నా మోకాళ్లు పనిజేస్తలేవు. ఫ్యాన్ తిరిగినంక పెద్దకోడలు దిగింది. పాణం లేదు మామా అన్నది."

నరసింహ భార్య నాగరాణి షెడ్డులో కాయలు ఏరుతోంది. కంట్లో తడి లేదు.

"పొద్దుగాల కందిలి ఎవరు దించిండ్రు?"

"నేను చూడలే. తోటల ఉన్న."

"కరెంటు ఎప్పుడు పోయింది?"

"ఏమో మేడమ్. ఇక్కడ పోతనే ఉంటది."

శ్రీవాణి శవాన్ని పోస్ట్‌మార్టంకు పంపింది. ఫ్యాన్ ఆపించి, మూత వేయించి, కాపలా పెట్టింది.

మర్నాడు ఉదయం ముగ్గురినీ గది దగ్గరికి పిలిచింది. కందిలి వెలిగించి తాడుతో మెల్లగా దించింది. సగం దూరంలో దీపం వణికింది. నేల తాకకముందే ఆరిపోయింది.

మళ్లీ వెలిగించింది. మళ్లీ ఆరింది.

"ఎల్లస్వామీ, నిన్న కందిలి వెలుగుతుండెనా?"

"ఒట్టు మేడమ్. నా కండ్లతోని చూసిన."

"మనిషి సచ్చే గాలిల దీపం ఎట్ల బతికింది?"

శ్రీవాణి తాడు పైకి లాగింది.

"అది దీపం గాదు. ఒత్తి కాలనే లేదు. కందిలి లోపల పెట్టిన మినుకుమినుకుమనే బ్యాటరీ బల్బు. పైకెల్లి చూస్తే ఒత్తి మండినట్టే కనపడ్తది. దశరథ్ దాన్ని నమ్మి దిగిండు. సబ్‌స్టేషన్ల అడిగిన. కరెంటు పోలే. మెయిను చేత్తోనే బంద్ చేసిండ్రు. రాత్రంత ఫ్యాన్ లేక గది గ్యాసుతో నిండింది."

ఆమె నాగరాణి వైపు తిరిగింది.

"ఎల్లస్వామి రోడ్డు మీదికి పోయిండు. పెద్దాయన దిగలేడు. మా కన్న ముందుగల దిగి ఆ బల్బు తీసింది ఒక్కరే."

ప్రేమ్‌సాగర్ ప్లాస్టిక్ కవరు పైకెత్తాడు. లోపల చిన్న బల్బు. ఆపిల్ పిప్పి కుప్పలో దొరికింది.

నాగరాణి తల దించలేదు.

"కరెంటు లేదు మరిదీ, కందిలి దించిన, మంచిగనే వెలుగుతాంది అని చెప్పిన. వచ్చి తొంగి చూసిండు. దిగిండు. మూతేసిన."

"ఎందుకు బిడ్డా?" రామచంద్రయ్య అడిగాడు.

"ఉగాదికి మరిది పట్నం దోస్తులొచ్చిండ్రు మామా. నేను కూర వడ్డిస్తున్న. తాగి, నవ్వుకుంట చెప్పిండు. పోయినేడు ఫోన్ల సైడర్ వీడియో తీసేటప్పుడు సప్పుడు అడ్డమొస్తాందని ఫ్యాన్ బంద్ పెట్టిండట. ఆ ముచ్చట చెప్పకుండ అన్నను కిందికి తోలిండట. 'అన్న అరుపు గూడ రికార్డయింది, కట్ చేసిన' అన్నడు."

"తాగి పడ్డడని నాతోని చెప్పిండు గదనే..."

"నీ పెద్దకొడుకు చుక్క ముట్టనోడు. నీకు తెల్వదా మామా? తెలిసి గూడ ఊకున్నవ్."

ముసలాయన ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

"పోలీసులకు ఎందుకు చెప్పలే?" అడిగింది శ్రీవాణి.

"చెప్తే? తాగినోని మాట అంటుండ్రి."

"దశరథ్ అరిచిండా?"

"ఒక్కసారి. వదినా అన్నడు."

"నువ్వేం చేసినవ్?"

"మూత మీద నిలబడి ఇన్న. మా ఆయన అరిస్తే వాడు ఇన్నడు. వాడు అరిస్తే నేను ఇన్న."

శ్రీవాణి ప్రేమ్‌సాగర్‌కు చెప్పింది. "దశరథ్ ఫోన్ సీజ్ చెయ్యి. ల్యాబుకు పంపు. నరసింహ కేసు మల్ల తెరుస్తున్నం."

నాగరాణి జీపు దాకా నడిచింది. ఎక్కబోతూ ఆగింది.

"ఆ ఫోన్ల మా ఆయన గొంతు దొరికితే నాకొక్కసారి ఇనిపియ్యుండ్రి మేడమ్. ఎవల్ని పిలిచిండో తెల్వాలె."