ఈ ఏడాదికి

ఉదయం ఏడింటికి ఆ ఇంట్లో ముగ్గురు మనుషులకీ ఒకటే అద్దం. అది బీరువా ఎడమ తలుపుకి ఉంది. కుడి తలుపు మీద కూతురు అతికించుకున్న ప్రణాళిక ఉంది. పొడుగాటి చార్టు కాగితం, స్కేలు పెట్టి గీసిన అయిదు గడులు, గడికో ఏడాది, ప్రతి గడిలోనూ చీమల బారులా సన్నటి అక్షరాలు. జుట్టు ముడేసుకోవాలన్నా దాని పక్కన నిలబడక తప్పదు. ఆ పిల్ల తల్లి టీచరమ్మ మాత్రం రెండేళ్ళుగా దాని వంక చూడకుండా ముడేసుకోవడం అలవాటు చేసుకుంది.

"ఇవాళైనా కబురొస్తుందంటావా నాన్నా?" అంది కూతురు, నోట్లో బ్రష్షుతోనే.

"అయిదేళ్ళ తర్వాత ఏం జరుగుతుందో నీకే తెలుసు. ఇవాళ్టి సంగతి నన్నడుగుతావేం?" అన్నాడు తండ్రి. ప్రెస్సులో మిషను మీద పనిచేసే ఆయన గోళ్ళలోంచి సిరా ఎప్పటికీ వదలదు. నోట్లోంచి వేళాకోళం అంతకంటే వదలదు. కూతురికి పంచవర్షం అని ముద్దుపేరు పెట్టింది ఆయనే.

"నవ్వు నాన్నా, బాగా నవ్వు. రెండేళ్ళు చదివి పరీక్ష గట్టెక్కాను. మొదటి కోరిక అమ్మ బడే రాశాను. అక్కడ లెక్కల పోస్టు ఒకటి ఖాళీ ఉందని లిస్టులో వేశారు. అదే వస్తే రోజూ అమ్మా నేనూ ఒకే బస్సులో వెళ్ళొచ్చు, ఒకే బస్సులో రావచ్చు."

స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. పక్కనే చెంచా పట్టుకుని నిలబడ్డ టీచరమ్మ చూడనేలేదు.

ఆ కబురు వచ్చి అప్పటికే రెండు రోజులైంది. బుధవారం మధ్యాహ్నం బడి ఆఫీసులో గుమాస్తా ఆమెని పిలిచి చెప్పాడు. "మేడమ్, మీ అమ్మాయిని మన బడికే వేశారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు శుక్రవారం నాలుగింటి లోపల తెచ్చి చూపించాలి. లేకపోతే లిస్టులో రెండో పేరుకి వెళ్ళిపోతుంది. ఫోనెందుకు, ఇంట్లోనే ఉంటుందిగా, మీరే చెప్పేయండి" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మరి మీ సంగతే... సోమవారం నుంచి..." అంటూ నీళ్ళు నమిలాడు.

ఎందుకు నమలడు? ఖాళీ అని లిస్టులో వేసిన ఆ ఒక్క పోస్టులో పందొమ్మిదేళ్ళుగా కూర్చున్నది టీచరమ్మే. పర్మనెంటు మనిషి వచ్చేదాకా అన్న షరతు మీద, ఏడాదికోసారి కొత్త కాగితం మీద సంతకం పెట్టి కూర్చుంది. స్టాఫ్ రూములో అందరి సొరుగుల మీదా పేర్లు పెయింటుతో రాసి ఉంటాయి. ఆమె సొరుగు మీద మాత్రం కాగితం చీటీ: "లెక్కలు - ఈ ఏడాదికి". ఏటా గుమాస్తా పాత చీటీ పీకే ఓపిక లేక, దాని మీదే జిగురు రాసి కొత్తది అంటిస్తాడు. ఏటా బడి మూసే రోజున ఆమె సొరుగు ఖాళీ చేసి, స్కేలు, వృత్తలేఖిని, సుద్దముక్కల డబ్బా అన్నీ ఒక అట్టపెట్టెలో ఇంటికి తెస్తుంది. ఎందుకమ్మా అంటే, "సెలవుల్లో ఎలకలు కొట్టేస్తాయి" అంటుంది.

అవును, కూతురికి తెలియదు. ఆ పిల్లకి పదేళ్ళప్పుడు స్నేహితురాలి తండ్రి ఉద్యోగం పోయి వాళ్ళు రాత్రికి రాత్రి ఊరు మారిపోయారు. ఇది ఏడ్చుకుంటూ వచ్చి, "అమ్మా, నీ ఉద్యోగం పర్మనెంటేనా?" అనడిగింది. "పర్మనెంటే తల్లీ" అని కళ్ళు తుడిచింది టీచరమ్మ. ఆ పూటకి పిల్ల ఊరుకుంటే చాలనుకుంది. ఆ పూట మాట పదమూడేళ్ళు నిలబడిపోయింది. ఇంట్లో తండ్రి వేళాకోళం చేయని విషయం అదొక్కటే.

కూతురికి వచ్చిందంటే తల్లి పొంగిపోవాలి కదా! బుధవారం గుమాస్తా నోటి వెంట ఆ మాట వినగానే టీచరమ్మ కడుపులో భగ్గుమంది. పందొమ్మిదేళ్ళు తను మునివేళ్ళ మీద నిలబడ్డ చోట ఇది కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది. దీని పేరు పెయింటుతో రాస్తారు. సాయంత్రం ఇంటికెళ్ళగానే చెప్పేద్దామనుకుంది. తలుపు తీస్తూనే పిల్ల ఆ చార్టు ముందు నిలబడి, పెన్ను బుగ్గకి ఆనించుకుని నాలుగో గడిలో ఏదో దిద్దుకుంటూ కనిపించింది. నోటి దాకా వచ్చిన మాట వెనక్కి పోయింది. గురువారం కూడా రాలేదు.

"అమ్మా, పాలు!" కూతురు పరుగున వచ్చి స్టవ్ ఆపింది. "ఏమిటా పరధ్యానం?"

"పక్కనున్న పాలు చూసుకోలేను గానీ, నీలా అయిదేళ్ళ తర్వాతి సంగతులు చూడమంటావా? ఆ గడులూ గీతలూ చూస్తే నాకు ఒళ్ళు మంట."

"నీకెందుకమ్మా అంత మంట? నాకు ఎక్కడికి వెళ్తున్నానో తెలియాలి. నీలాగా ఈ వారం గడిస్తే చాలు అనుకుంటే ఎలా?"

ఆ పిల్ల మామూలుగానే అంది. అది తగలాల్సిన చోటే తగిలింది. "ఈ వారం గడవడమంటే ఏమిటో నీకేం తెలుసు? గడిచిన వారాల మీద కూర్చుని గడులు గీస్తున్నావు" అని సంచి భుజాన వేసుకుంది టీచరమ్మ. తిండి కూడా తినకుండా మెట్లు దిగింది. వెనక తండ్రి గొంతు వినిపించింది. "ఏమే పంచవర్షం, అమ్మ కోపం ఏ గడిలో రాసుకున్నావ్?"

బస్సులో నిలబడి ఆమె తనకి తాను నచ్చజెప్పుకుంది. నాలుగు దాటాక చెప్పొచ్చు. మర్చిపోయానంటే సరి. ఇంకో బడిలో ఇంకో పోస్టు రాకపోతుందా దానికి? ఇరవై మూడేళ్ళే కదా. ముందు ఎక్కడో చిన్న చోట చేరమంటే సరిపోతుంది. ఈ ఆలోచన ఎంత నీచమైనదో ఆమెకి తెలుసు. తెలిసీ దాన్ని వదల్లేకపోయింది.

మధ్యాహ్నం రెండున్నరకి గుమాస్తా స్టాఫ్ రూము గుమ్మంలోంచి తొంగి చూశాడు. "అమ్మాయి ఇంకా రాలేదే మేడమ్? రాకపోతే చెప్పండి, రెండో పేరాయనకి కబురు పెడతాను. ఎవరో నడివయసు మనిషి. రమ్మంటే సోమవారం వచ్చి వాలతాడు."

టీచరమ్మ తన సొరుగు వంక చూసింది. ఆ నడివయసు మనిషి వచ్చి దాన్ని లాగుతాడు. తన కుర్చీలో కూర్చుంటాడు. తన ఎనిమిదో తరగతికి త్రిభుజాలు చెప్తాడు. ఊహించుకుంది. ఏమీ అనిపించలేదు. కొంచెం దిగులు, అంతే. కడుపులో మంట లేదు. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు తన చోటు తీసుకుంటే పోనీలే అనిపిస్తోంది. కన్నకూతురు తీసుకుంటే మాత్రం ఓర్వలేకపోతోంది. ఎవరు చేరినా తను సోమవారం ఇంట్లోనే కదా! మరి ఈ రెండు రోజులూ తను కాపాడుకున్నది ఏమిటి?

ఆమె చప్పున లేచింది. ఫోను తీసింది. "ఒసేయ్, నీ సర్టిఫికెట్లన్నీ పట్టుకుని బడికి రా. బస్సు కోసం చూడకు, ఆటోలో రా. నాలుగు దాటకూడదు."

"అమ్మా! వచ్చిందా? ఎప్పుడు చెప్పారు? ఇప్పుడేనా?"

"ముందు రా."

మూడూ నలభైకి వచ్చింది పిల్ల. చెప్పులు రెండూ రెండు రకాలు. ఆఫీసు గదిలో గుమాస్తా కాగితాలు ఒక్కొక్కటే సరిచూస్తుంటే టీచరమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. ఆయన మంచివాడే, నోరే ఆగదు. "బుధవారం చెప్తే శుక్రవారం చివరి ఘడియలోనా తేవడం? నాకైతే ప్రాణం పోయిందనుకోండి. అయినా మీది మంచి కుటుంబం అమ్మా. ఇన్నేళ్ళూ టెంపరరీగా అమ్మగారు చేసిన పోస్టులోకే కూతురు పర్మనెంటుగా రావడం ఎక్కడైనా ఉందా? ఇదిగో, ఇక్కడ సంతకం."

పెన్ను పట్టుకున్న చేయి ఆగిపోయింది. కూతురు తల తిప్పి తల్లిని చూసింది. అటు తిప్పి గడియారాన్ని చూసింది. సంతకం పెట్టింది. తల్లి చేయి పట్టుకుని ఖాళీగా ఉన్న స్టాఫ్ రూములోకి లాక్కెళ్ళింది.

"బుధవారమా?"

"బుధవారమే."

"టెంపరరీనా?"

"పందొమ్మిదేళ్ళుగా."

"ఎలకలు?" అంది పిల్ల. "అయితే ఎలకలూ లేవా?"

టీచరమ్మకి ఆ క్షణంలోనూ నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. "లేవు."

"ఎందుకమ్మా? చెప్పుంటే ఇంకో బడి రాసుకునేదాన్ని కదా! నీ కుర్చీ లాక్కునే రకంలా కనిపించానా నీకు? సరే, టెంపరరీ అన్న సంగతి నా దగ్గర దాచావు. ఆ కబురెందుకు దాచావు? పర్మనెంటు మనిషి ఎవరొచ్చినా నీది పోయేదే కదా?"

"కుళ్ళు" అంది టీచరమ్మ. అంది గానీ ఆ మాట తన నోటి నుంచే వచ్చిందంటే తనకే నమ్మకం కలగలేదు. "నిన్ను చూసి కుళ్ళుకున్నాను. ఇంకెలా చెప్పను? నీ గడులు చూసి, నీ ధైర్యం చూసి. ఈ పోస్టుకి పరీక్ష నాకు వయసున్న రోజుల్లోనూ రెండుసార్లు పెట్టారు. ఒకసారి నీకు జ్వరమని వెళ్ళలేదు. ఒకసారి మీ నాన్నకి ఒంట్లో బాగాలేదని వెళ్ళలేదు. ఇన్నాళ్ళూ మీకోసమే మానేశానని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం. నీకా రోజు ఉదయానికే జ్వరం తగ్గిపోయింది. నాకు భయమేసింది. నేను పాఠం చెప్పిన పిల్లలే పక్క బెంచీలో కూర్చుని రాస్తారు, వాళ్ళు పాసై నేను తప్పితే మొహం ఎక్కడ పెట్టుకోను? వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నాను. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ ఉండగానే వయసు దాటిపోయింది. నువ్వొక్కసారికే రాసేశావు."

కోపం ఆ పిల్ల మొహంలో అలాగే ఉంది. దాని కిందే ఇంకేదో కదులుతోంది.

"ఆ చార్టులో మొదటి గడి ఎప్పుడైనా చదివావా అమ్మా?"

"దాని మొహం చూస్తేనే నాకు మండేది. ఇంకేం చదువుతాను?"

"'అమ్మలా పర్మనెంటు ఉద్యోగం' అని రాసుకున్నాను. నువ్వు పర్మనెంటని చెప్పిన రోజు నుంచి నాకు భయం పోయింది. ఏమైనా అమ్మ ఉద్యోగం ఉంది కదా అనుకున్నాను. అందుకే అంత దూరం చూడగలిగాను. నువ్వు ఏడాదికోసారి గుండె చిక్కబట్టుకుంటుంటే నేను ఇంట్లో కూర్చుని అయిదేళ్ళకి గడులు గీశాను." చేతుల్లో మొహం దాచుకుంది. "నేను చేరనమ్మా. ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను."

"చాల్లే. నువ్వు చేరకపోతే రెండో పేరాయన సోమవారం వచ్చి వాలతాడట. నా సొరుగు ఆయనకెందుకివ్వాలి?" టీచరమ్మ కూతురి చేతుల్ని మొహం మీంచి తీసింది. "తప్పు చేశాను. నన్ను తిట్టు, నాలుగు రోజులు మాట్లాడకు, అంతేగానీ ఇది వదులుకోకు. నువ్వు వదిలేస్తే నేను మళ్ళీ నీ జ్వరం సాకు చెప్పుకుని బతకాలి."

పిల్ల ముక్కు ఎగబీలుస్తూ వెళ్ళి సొరుగు ముందు కూర్చుంది. దాని మీది చీటీ మూలని గోటితో గీరింది. పై చీటీ ఒక్కటే వస్తుందనుకుంది. పందొమ్మిది చీటీలూ ఒకదానికొకటి అతుక్కుపోయి ఒకే పెచ్చుగా, అట్ట మందాన ఊడి వచ్చి చేతిలో పడ్డాయి. అంచు పట్టి చూస్తే ఒక్కో ఏడాదీ ఒక్కో పొరగా లెక్కపెట్టుకోవచ్చు. దాన్ని సర్టిఫికెట్ల ఫైలులో, అన్నిటికంటే పైన జాగ్రత్తగా పెట్టుకుంది. ఇద్దరూ కలిసి సొరుగు ఖాళీ చేశారు.

ఇంటికి వెళ్ళేసరికి తండ్రి కాఫీ కలిపి ఎదురుచూస్తున్నాడు. అట్టపెట్టెని చూశాడు. ఇద్దరి కళ్ళూ చూశాడు. ఆయనకి వేళాకోళం రాలేదు. "తెలిసిపోయిందా?" అన్నాడంతే.

"నీతో తర్వాత మాట్లాడతాను నాన్నా" అని కూతురు తిన్నగా బీరువా దగ్గరికి వెళ్ళింది. చార్టులో అయిదు గడుల కింద మిగిలిన ఖాళీలో ఇంకో వరస గడులు గీసింది. పక్కన "అమ్మ" అని రాసి, పెన్ను తల్లి చేతికిచ్చింది.

"నాకెందుకే ఇవన్నీ?"

"సోమవారం నుంచి ఏం చేస్తావో రాయి. భయమేస్తే ఇక్కడే పక్కన నిలబడతాను."

"పెన్సిలివ్వు. తప్పు పోతే చెరుపుకోవచ్చు."

"పెన్నుతోనే రాయాలి."

టీచరమ్మ ఆ ఖాళీ గడుల్ని చూసింది. వచ్చే ఏడాది ఏం చేస్తావని పందొమ్మిదేళ్ళలో ఎవరూ అడగలేదు. తనని తాను కూడా అడగలేదు. చివరికి మొదటి గడిలో రాసింది: "ముందు గదిలో సాయంత్రాలు లెక్కల క్లాసు. నా సొంతం."

"ఎన్నాళ్ళకి?" అంది కూతురు మెల్లిగా.

అలవాటు పడ్డ చేయి "ఈ ఏడా" దాకా రాసేసింది. అక్కడ ఆగింది. టీచరమ్మ ఆ అక్షరాలు కొట్టేసి, అట్టపెట్టెలో చేయి పెట్టి తన పాత చెక్క స్కేలు తీసింది. దాన్ని మొదటి గడి అంచున ఆనించి పట్టుకుంది. కన్నీళ్ళకి ఏమీ సరిగా కనిపించకపోతే, రెండో కొసని కూతురు పట్టుకుంది. టీచరమ్మ తన అయిదు గడులూ కలిసేలా, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే గీత గీసింది.