బుల్లెట్‌ప్రూఫ్‌కి ఒక ఆధారం

"సాయంత్రానికల్లా సామాను సర్దుకుని వచ్చెయ్, నైన్," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "ఆ డిక్షనరీ ఆఫీసులో శత్రువుల ఏజెంట్ ఉన్నాడనుకోవడం మన భ్రమ."

ఏజెంట్ నైన్ రానంది.

ఆరేళ్లుగా ఆమె అక్కడ ప్రూఫ్‌రీడర్ వేషంలో ఉంది. పని నటించమని చీఫ్ పంపితే నిజంగానే చేయడం మొదలుపెట్టింది. ఆ ఆఫీసులో ఒక కట్టడి ఉంది. మాట వాడుక చూపే వాక్యాన్ని సొంతంగా అల్లకూడదు, ఎక్కడో అచ్చయి ఉండాలి. ఆ అచ్చును కళ్లారా చూశాకే ఆ మాట రాసిన కార్డు మీద ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టాలి. మిగతావాళ్లు చూడకుండానే టిక్కులు కొట్టేసేవారు. ఈమె మాత్రం ప్రతిసారీ పాత పేపర్ల గదికి పరిగెత్తేది. అందుకే అందరూ పెన్సిలమ్మ అని ఆటపట్టించేవారు.

చీఫ్ విసుక్కున్నాడు. శత్రువులు వెంటపడుతున్న మన సైంటిస్టు నాలుగింటికి బుల్లెట్‌ప్రూఫ్ కారులో బయలుదేరతాడనీ, దారి నిర్ణయించింది మీ సెక్షన్ హెడ్డేననీ, ఆవిడ కూడా తాను ఏరికోరి అక్కడ పెట్టుకున్న మన ఏజెంటేననీ చెప్పి ఫోన్ పెట్టేశాడు.

నాలుగైంది. కారు బయలుదేరింది. అప్పుడే ప్రెస్సు నుంచి ప్రూఫుతోపాటు 'బుల్లెట్‌ప్రూఫ్' కార్డు తిరిగొచ్చింది. అర్థం సరిగ్గానే ఉంది: తూటా దూరనిది. కారుకీ, గాజుకీ వాడతారు; ఎవరూ తప్పుపట్టలేని వాదనకు కూడా. కింద వాడుక: 'బుల్లెట్‌ప్రూఫ్ కారు నాలుగుంపావుకి పాత వంతెన ఎక్కింది.' ఆధారం: ఓ పాత సాయంకాలం పేపరు, దాని తేదీ, ఆరో పేజీ. సెక్షన్ హెడ్ సంతకం.

పేపర్ల గదిలో ఆ ఏడాది పేపర్లన్నీ కలిపి కుట్టిన లావుపాటి బౌండు తీసి చూసింది. ఆరో పేజీ నిండా సబ్బు ప్రకటనే. అంటే ఇది వాడుక కాదు, ఇవాళ్టి కారు దారీ, టైమూ. కార్డు పొద్దున్నే ప్రెస్సుకు వెళ్లింది. ఈపాటికి అక్కడ అది చదవాల్సినవాళ్లు చదివేసి వంతెన కింద బాంబు పెట్టేసి ఉంటారు.

వెనక సెంటు వాసన గుప్పుమంది. ఆఫీసు మొత్తాన్ని చిరునవ్వుతో ఆడించే సెక్షన్ హెడ్ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో చిన్న పిస్టల్.

"టిక్కు పెట్టి ఇటిచ్చెయ్, పెన్సిలమ్మా. ఎవరు చూడొచ్చారు?"

"పెట్టను."

"చస్తావు."

"చస్తే చస్తాను. నాలుగుంపావు, పాత వంతెన. ఇది ఎక్కడా అచ్చవలేదు. మీరు అల్లిందే, మేడమ్."

గట్టిగా, ఒక్కో మాటా విడివిడిగా పలికింది. ఎర్ర పెన్సిల్ చివర ఉన్న, మాటల్ని నేరుగా చీఫ్‌కి వినిపించే ట్రాన్స్‌మిటర్ బటన్ అప్పటికే ఆమె బొటనవేలి కింద ఉంది.

పిస్టల్ పేలింది. నైన్ బౌండు అడ్డం పెట్టింది. తూటా జనవరిలో దూరి జూన్ దగ్గర ఆగిపోయింది. మిగిలిన ఆరు నెలలతో ఆమె మేడమ్ మణికట్టు మీద ఒక్కటిచ్చింది.

నాలుగూ పద్నాలుగుకి కారు వంతెన మొదట్లో ఆగింది. మరుసటి నిమిషంలో వంతెన నడుమ భాగం నదిలో కూలింది.

చీఫ్ ఫోన్ చేసి, అలాంటి మనిషిని ఎలా నమ్మానో అర్థం కావడం లేదన్నాడు.

"మీరూ చూడకుండానే టిక్కు పెట్టారు, సార్," అంది నైన్.  చీఫ్ ఇకనైనా వచ్చెయ్యమన్నాడు. పని మిగిలిపోయింది, రానంది.

మర్నాడు పేపరు మొదటి పేజీలో వార్త: 'బుల్లెట్‌ప్రూఫ్ కారు వంతెన ఎక్కకుండానే వెనుదిరిగింది.' ఆమె దాన్ని రెండుసార్లు కళ్లారా చదివి, కార్డు మీద ఎక్కించి, పేజీ నంబరు వేసి, ఎర్ర టిక్కు పెట్టింది.