చిప్ మీద దొంగ ముద్ర

డిటెక్టివ్ గది తలుపు దభాలున తెరుచుకుంది. లోపలికి వచ్చినామె కూర్చోలేదు. చేతిలోని మాత్రల డబ్బాను బల్ల మీద కొట్టినంత పని చేసింది.

"ఇది నా చేత్తో చేశానండీ. వేళకి మోగి మాత్ర వేసుకోమని గుర్తు చెయ్యాలి. మోగలేదు. దీన్ని నమ్ముకున్న దర్జీ ఆవిడ మూర్ఛ మాత్రలు తప్పిపోయి, మెట్ల మీంచి పడి ఆసుపత్రిలో ఉంది. తప్పు నాదైతే ఒప్పుకుంటా. కాకపోతే ఎవరిదో నాకు తెలియాలి!"

అందరూ 'నిదానం గారు' అని పిలిచే ఆ డిటెక్టివ్ నిదానంగానే మూత విప్పాడు. లోపల చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద గడియారం చిప్, పక్కన బటన్ బ్యాటరీ. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి ఉంది.

"ఈ చిప్ ఎవరు ఎంచారమ్మా?"

"నేనే. ఆరు నెలలు వెతికా. కరెంటు అతి తక్కువ తాగాలి, చిన్న బ్యాటరీ మీదే ఏళ్ల తరబడి నడవాలి. చేత్తో సోల్డర్ కరిగించి బోర్డుకి అతికించాలి కాబట్టి చిప్ కాళ్లు బయటికి ఉండాలి. నిరుడు ఒక్క శాంపిల్ తెప్పించి నా బల్ల మీది మొదటి డబ్బాలో పెట్టా. అది ఇవాళ్టికీ టైము తప్పలేదు. ఈ ఏడాది నలభై డబ్బాలకి మా అన్నయ్య చిప్‌లు సీసాలో తెచ్చిచ్చాడు. ఇదేమో రెండు నెలలకే ఆగింది." ఆమె డబ్బా వైపు వేలు చూపించింది. "ఈసారి కాళ్లకి సోల్డర్ ఇట్టే పట్టేసిందండీ. మంచి సరుకని మురిసిపోయా కూడా."

"మిగతా డబ్బాలు?"

"వాడొద్దని అందరికీ మెసేజ్ పెట్టా. ఎంతమంది చూశారో!"

గంటలో వాళ్లు ఆమె పనిగదిలో ఉన్నారు. డిటెక్టివ్ సహాయకురాలు శాంపిల్ చిప్‌ను, చెడిన డబ్బాలోని చిప్‌ను, సీసాలో మిగిలిన ఐదింటినీ లెన్స్ కింద పెట్టి ముద్రలు రాసుకుంది.

"అన్నీ ఒకటేనండీ. ఏ వారంలో తయారైందో చెప్పే అంకెలతో సహా. నిరుడు తెప్పించిందీ, ఈ ఏడాది తెచ్చినవీ!"

నిదానం గారి ముఖం ఎర్రబడింది. ఆయనకు కోపం రావడం సహాయకురాలు చూడటం అదే మొదటిసారి.

"అందర్నీ పిలిపించు. ఇప్పుడే."

అన్నయ్య వచ్చాడు. అతను సరుకు కొనే విడిభాగాల షాపతను వచ్చాడు. ఆసుపత్రి నుంచి నలిగిన చొక్కాతోనే దర్జీ ఆవిడ భర్త వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"చిప్‌లు ఎలా అమ్ముతారు?" డిటెక్టివ్ షాపతన్ని అడిగాడు.

"కంపెనీ సీలు చేసిన పట్టీల్లోనేనండీ, విడిగా సీసాల్లో కాదు. ఈయన ఈ ఏడాది నా దగ్గర బ్యాటరీలే కొన్నాడు."

"అబద్ధం!" అన్నయ్య అరిచాడు. "ఆ సీసా ఇతనిచ్చిందే!"

డిటెక్టివ్ దూదిని రంగు కరిగించే థిన్నర్‌లో ముంచి, సీసాలోని చిప్ ఒకటి తీసి రుద్దాడు. అక్షరాలు చెరిగిపోయి, కింద వేరే నంబరు బయటపడింది.

"పాత బోర్డుల నుంచి పీకిన వేరే రకం చిప్‌లివి. కరెంటు గటగటా తాగేస్తాయి. కాళ్లకి పాత సోల్డర్ మిగిలింది కాబట్టే కొత్తది ఇట్టే పట్టింది. ఇక ఈ దొంగ ముద్ర కొట్టినవాడు, ఒక అసలు చిప్‌ను ముందు పెట్టుకుని వారం అంకెలు కూడా దించేశాడు. అవి ఈ శాంపిల్ మీది అంకెలు. శాంపిల్ ఈ గది గడప దాటలేదు. షాపతను ఈ గదిలోకి రావడం ఇవాళే మొదలు. ఈ గదిలోకి వచ్చిపోయే వాళ్లలో, చిప్‌లు తెచ్చిందెవరు?"

అన్నయ్య తల వంచలేదు.

"చెప్తే వింటేగా! ప్రతిదానికీ దీని మాటే నెగ్గాలి. ఏ చిప్ పెట్టినా ఒకటేనని చూపిద్దామనుకున్నా. తేడా ఎవరికీ తెలీదనుకున్నా."

"మా ఆవిడకి తెలిసింది," అన్నాడు గోడ దగ్గరి మనిషి.

చెల్లెలు సొరుగు లాగి, డబ్బాలు తీసుకున్నవాళ్ల ఫోన్ నంబర్ల కాగితం అన్నయ్య ముందు పెట్టింది.

"పోలీసులు వచ్చేలోపు ఒక్కొక్కరికీ నువ్వే ఫోన్ చెయ్యి, అన్నయ్యా. ఏం చేశావో నీ నోటితో చెప్పు."

"నువ్వే చెప్పరాదూ..."

"చెయ్యి!"

అతను మొదటి నంబరు నొక్కాడు. అవతల ఒక ముసలావిడ ఎత్తింది. విషయం వినకముందే సంబరంగా అంది: "మీ డబ్బా చక్కగా మోగుతోంది నాయనా. అదుందనే మా అబ్బాయి నిశ్చింతగా పనికి వెళ్తున్నాడు."

అతను ఫోన్ చెవి మీంచి దించబోయాడు. ఫోన్ కింద పెట్టనివ్వకుండా చెల్లెలు ఎదురుగా నిలబడే ఉంది.