మోటారు మోగుతున్నంతసేపూ

కాలువ గట్టున ఆడవాళ్ల చెప్పుల జత ఉంది. మనిషి లేదు.

పామర్రు దాటాక పొలాల మధ్య ఉన్న ఆ శిబిరానికి ఎస్సై మనోజ్ఞ వచ్చేసరికి ఉదయం తొమ్మిదయింది. అప్పటికే ఇద్దరు ఈతగాళ్లు నీళ్లలో దిగి వెతుకుతున్నారు.

శిబిరం పెట్టింది విజయవాడ డాక్టరు వెంకటకృష్ణారావు. ఏళ్ల తరబడి పొత్తికడుపు నొప్పితో బాధపడుతున్న ఆడవాళ్లూ, వాళ్లకు వైద్యం చేసే డాక్టర్లూ కొన్నాళ్లు ఒకేచోట ఉండాలి. ఆస్పత్రి హడావిడి లేకుండా ఆ నొప్పి గురించి మాట్లాడుకోవాలి. అదీ ఉద్దేశం.

కనిపించకుండా పోయింది దీవెన. హనుమాన్ జంక్షన్‌లో లెక్కల టీచరు.

"నిన్న ఆవిడతో మాట్లాడారా?" మనోజ్ఞ అడిగింది.

"సాయంత్రం మాట్లాడానండీ," అన్నాడు డాక్టరు. "స్కానింగులన్నీ నార్మల్. ఒకసారి సైకియాట్రిస్టుకి చూపించుకోమన్నాను."

"ఆవిడేమంది?"

"థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది."

దీవెన భర్త జయపాల్ అప్పుడే కారు దిగాడు. టైర్ల షాపు నడుపుతాడు. కాలువ వైపు చూడలేక కారుకే ఆనుకుని నిలబడ్డాడు.

"ఇంట్లో నొప్పొస్తే ఏం చేసేవారు మీ ఆవిడ?"

"డాబా మీదకి వెళ్లేదండీ."

"ఎందుకు?"

"మూలుగుతుంటే నాకు నిద్రుండదని పెళ్లయిన కొత్తలో ఒకసారి అన్నాను. అప్పట్నుంచి తనే లేచి వెళ్లేది."

మామూలు విషయం చెప్పినట్టే చెప్పాడు.

దీవెనతోపాటు గదిలో ఉన్నది రామతులసి. ఆమె కూడా పేషెంటే.

"ఆవిడ ఎప్పుడు బయటికెళ్లారు?"

"తెలీదండీ. నేను నిద్రపోతున్నాను."

"మీ ఇద్దరికీ మాటా మాటా వచ్చిందా?"

"లేదండీ. చాలా నెమ్మదస్తురాలు. తలుపు కూడా చప్పుడవకుండా ఎంత మెల్లగా వేసిందో..."

రామతులసి ఆగిపోయింది. మనోజ్ఞ రెట్టించలేదు. గది కలియజూసింది. మంచం మీద పర్సు, ఫోను. బల్ల మీద మూత తీసిన కెటిల్. అడుగున కాసిని నీళ్లు.

"ఈ నీళ్లు ఎవరు కాచారు?"

"దీవెనేనండీ. వేడినీళ్ల బ్యాగులో నింపుకుంది." రామతులసి తల దించుకుంది. "పట్టుకునే వెళ్లింది."

మనోజ్ఞ గబగబా గట్టు మీదకు నడిచింది.

"దూకేసుంటదండీ మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ శౌరయ్య. "చెప్పులు విప్పి మరీ పెట్టింది."

చెప్పులకు రెండడుగుల్లో తాటిదుంగ ఒకటి కాలువకు అడ్డంగా వేసి ఉంది. పట్టుకోవడానికి ఒక పక్కన వెదురుబొంగు కట్టారు. మంచుకు దుంగ తడిసి జారుతోంది. మనోజ్ఞ బూట్లు విప్పింది. బ్యాగు అదుముకున్నట్టు ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుంది. రెండో చేత్తో వెదురు పట్టుకుంది. చెప్పులు పట్టుకోవడానికి ఇంక చెయ్యి లేదు.

"అవతల ఏముంది?"

"చేపల చెరువండీ. మోటారు షెడ్డు. అటూ చూసొచ్చాం. ఎంత కేకేసినా ఎవరూ పలకలేదు."

"షెడ్డు లోపల చూశారా?"

"తలుపేసుందండీ. మోటారు దానంతటది నడుస్తోంది కదా అని..."

"దాన్ని ఆపించండి."

అవతలి గట్టుకు వెళ్లి శౌరయ్య స్తంభానికున్న ఫ్యూజు పీకాడు. ఒక్కసారిగా చెరువంతా నిశ్శబ్దమైపోయింది. ఎక్కడో కొంగ రెక్కలు కొట్టుకుంది.

ఆ తర్వాత షెడ్డులోంచి సన్నటి మూలుగు.

దీవెన గోనెసంచుల మీద ముడుచుకుని పడి ఉంది. పెదవులు తెల్లబడ్డాయి. చల్లారిపోయిన బ్యాగు కడుపుకు అదుముకునే ఉంది.

విజయవాడ ఆస్పత్రిలో ఆపరేషన్ సాయంత్రానికి ముగిసింది. అండాశయం మెలిపడిందట. ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం మీదికే వచ్చేదన్నారు. వరండాలో డాక్టరు, జయపాల్, రామతులసి బెంచీ మీద కూర్చున్నారు. మనోజ్ఞ వాళ్ల ఎదురుగా నిలబడింది.

"చావాలనుకున్న మనిషి నీళ్లు కాచుకుని బ్యాగు నింపుకోదు. ఆవిడ నొప్పి తగ్గించుకోవడానికే వెళ్లింది. గదిలోనే ఉండి ఉంటే సరిపోయేది కదా, బయటికెందుకు వెళ్లింది రామతులసిగారూ?"

రామతులసి బెంచీ మీంచి లేచింది.

"గది మార్చమని రాత్రి ఆఫీసులో అడిగానండీ. తన మూలుగుకి నిద్రపట్టట్లేదని. దీవెన నా వెనకే ఉందని చూసుకోలేదు. నాకూ అదే జబ్బు. ఆ మూలుగు వింటుంటే నాదే విన్నట్టుండేది. తెల్లారగట్ల తను లేస్తే కళ్లు మూసుకుని పడుకున్నాను."

"ఇక్కడ డాబా లేదు," అంది మనోజ్ఞ. "మోటారు ఉంది. అది మోగుతున్నంతసేపూ ఎంత మూలిగినా ఎవరికీ వినపడదు. నొప్పి మితిమీరి పిలిచినప్పుడూ వినపడలేదు."

జయపాల్ మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

"కేసేమైనా పెడతారా?" డాక్టరు అడిగాడు.

"ఎవరి మీద పెట్టమంటారు?"

లోపల దీవెనకు తెలివి వచ్చింది. వాళ్లను చూడగానే లేవబోయింది.

"సారీ అండీ. అందర్నీ ఇబ్బంది పెట్టాను."

డాక్టరు స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు.

"మీ నొప్పి గురించి మొదట్నుంచి చెప్పండమ్మా. నిన్న నేను సరిగా వినలేదు."

దీవెన అతని మొహంలోకి అనుమానంగా చూసింది.

"పదమూడో ఏట మొదలైందండీ," అంది. "మీకు అంత టైముందా?"